గుంపులోంచి వినబడిన మాట

పిల్లల ఫుట్‌బాల్ గ్రౌండులో చిన్నా పెద్దా అందరూ ఆమెను అద్దాలక్క అనేవారు. కళ్లద్దాల షాపు వెనక గదిలో ఆమె పని. ముందు గదిలో డాక్టరు రాసిన చీటీ వెనక్కి వస్తుంది. ఆమె అద్దాన్ని ఫ్రేముకి సరిపోయేలా అరగదీసి, అంచులు నునుపు చేసి, బిగించి, మెత్తటి గుడ్డతో తుడిచి ముందుకు పంపుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్లకి తలనొప్పి వస్తుంది కాబట్టి, ఆమె చేతికి తొందర తెలియదు. అద్దాలు పెట్టుకోనని మొండికేసే పిల్లల్నీ, చూపు తగ్గిందంటే ఒప్పుకోని ముసలివాళ్లనీ డాక్టరు ఆమె దగ్గరికే పంపేవాడు. ఇరవై రెండేళ్లలో ఆ షాపులో ఆమె నోట 'గుడ్డి' అన్న మాట ఎవరూ వినలేదు. ఎవరైనా తమను తామే అలా అనుకుంటే, "చూపు కాస్త మందగించిందంతే, అంత మాట ఎందుకు" అని సర్దిచెప్పేది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. పదకొండేళ్లు చిన్న. తల్లి పోయేనాటికి వాడికి ఎనిమిదేళ్లు. తండ్రి పని వేళలు ఒక పద్ధతిలో ఉండేవి కావు. దాంతో వాడికి తల దువ్వడం దగ్గర్నుంచి ఎక్కాలు అప్పజెప్పించుకోవడం దాకా అన్నీ ఆమే చూసింది. తర్వాత ఆమె పెళ్లి చేసుకుంది గానీ అది మూడేళ్లు కూడా నిలవలేదు. ఇప్పుడు తమ్ముడి ఇంటికి రెండు వీధుల అవతల ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకుని ఉంటోంది.

తమ్ముడు లిఫ్టు మెకానిక్. వారమంతా భవనాల గోతుల్లో, ఇనపతాళ్ల మధ్య, తలకు దీపం కట్టుకుని పని. పలకరించే మనిషి ఉండడు. ఇంటికొచ్చినా మాట పొదుపే. మరదలు ఆస్పత్రి లాండ్రీలో చేసేది. దుప్పట్లకు ఆదివారం లేదు కాబట్టి ఆమెకూ లేదు. అందుకని ఆదివారం పొద్దున్నే పిట్టను మ్యాచ్‌కి తీసుకెళ్లడం తమ్ముడి వంతూ, అద్దాలక్క వంతూ అయింది.

పిట్ట తమ్ముడి కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని మేనత్త పెట్టిన ముద్దుపేరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు పదకొండో ఏడు. పన్నెండేళ్ల లోపు పిల్లల టీములో గోల్‌కీపర్. చూడ్డానికి గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది గానీ, బంతి వస్తోందంటే ముందుకే దూకుతుంది.

ఆదివారం గ్రౌండుకి వచ్చేసరికి తమ్ముడు వేరే మనిషి అయిపోయేవాడు. వారం రోజులు దాచుకున్న గొంతంతా ఆ గంటలో ఖర్చుపెట్టేవాడు.

"పిట్టా, ముందుకు రా. అక్కడేం చూస్తున్నావ్, నిద్రపోతున్నావా? ఎడమ పక్క, ఎడమ పక్క. ఎడమంటే ఏ చెయ్యో తెలీదా నీకు?"

గోల్ పడితే రెండు చేతులతో తల పట్టుకుని, ఇంట్లో ఎవరో పోయినట్టు అక్కడక్కడే తిరిగేవాడు. పిట్ట అది చూసేది. చూసి గ్లౌజులు సవరించుకునేది.

అలాంటివాళ్లు ఆ గ్రౌండులో ఇంకా చాలామంది ఉన్నారు. ఒకావిడ కొడుకు బంతి తీసుకుంటే చాలు, గీత వెంబడి వాడితో సమానంగా పరిగెత్తేది. చెప్పుల్లో పరిగెత్తలేక, ఈమధ్య బూట్లు కొనుక్కుంది. ఒక తండ్రి రూల్సు పుస్తకం ఫోనులో పెట్టుకుని, ప్రతి విజిల్‌కీ పేజీ నంబరు అప్పజెప్పేవాడు. మనవడికి ఎదురొచ్చిన పిల్లాడిని "కాలు మీద కొట్టరా" అని నేర్పే తాతగారొకరు. మొన్నటేడాది ఇద్దరు తండ్రులు చొక్కాలు పట్టుకున్నాక, పోటీలు నడిపేవాళ్లు ముగ్గురితో ఒక కమిటీ వేశారు. ప్రాక్టీసు మానేసిన పళ్ల డాక్టరు పెద్ద. టైర్ల షాపాయన ఒకరు. మూడో మనిషి అద్దాలక్క. గీతకి నాలుగడుగుల అవతల తెల్లతాడు కట్టి, పెద్దవాళ్లు దాన్ని దాటకూడదని రూలు పెట్టింది ఆమే. ప్రతి ఆదివారం అందరికన్నా ముందొచ్చి కర్రలు పాతి ఆ తాడు కట్టేదీ ఆమే.

తాను ఆ బాపతు మనిషిని కానని ఆమె గట్టి నమ్మకం. పిల్లల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. తమ్ముడు రెచ్చిపోతే మోచేత్తో పొడిచి, "నెమ్మదిరా, పిల్ల బెదురుతుంది" అనేది. రిఫరీ విషయంలో మాత్రం ఆమెకొక గొణుగుడు అలవాటైంది. "ఇది కూడా కనబడలేదా ఈయనకి?" అని పక్కవాళ్లకు వినబడేంత గొంతుతో అనేది. పక్కవాళ్లు నవ్వేవాళ్లు. అరవడం లేదు కదా, అనుకునేది.

ఆ ఆదివారం, ఆ ఏటి మొదటి కప్పులో సెమీఫైనల్. ముందురోజు వాన పడి గ్రౌండంతా చిత్తడిగా ఉంది. రిఫరీ ఒక బస్సు డ్రైవరు. యాభై అయిదు దాటిన మనిషి. వారంలో తనకున్న ఒక్క సెలవునూ ఈ పిల్లల మ్యాచ్‌లకే పెట్టేవాడు. ఆట ఒకటీ ఒకటితో సమానంగా ఉంది. ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా ఎదుటి టీము పసుపు చొక్కా పిల్లాడొకడు బంతితో ఒంటరిగా దూసుకొచ్చాడు. పిట్ట ఎదురెళ్లి వాడి కాళ్ల దగ్గర దూకింది. బంతి పక్కకు పోయింది. పిల్లాడు పిట్ట మీంచి బోర్లా పడ్డాడు. రిఫరీ విజిల్ ఊది పెనాల్టీ అని చెయ్యి చూపించాడు.

అద్దాలక్క ఆ గోల్ వెనక, తాడు పట్టుకుని నిలబడి ఉంది. పిట్ట చెయ్యి ముందు బంతికే తగలడం ఆమె కళ్లారా చూసింది. బురద కారుతున్న మొహంతో పిట్ట లేచి, అర్థం కానట్టు చుట్టూ చూసింది. అప్పుడు అద్దాలక్క నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఎప్పటిలా గొణుగుడు కాదు, గ్రౌండంతా వినబడేంత అరుపు.

"కళ్లు పోయాయా నీకు? ఈ గుడ్డివాడికి విజిలిచ్చింది ఎవరు?"

తర్వాత వెనకనుంచి ఎవరో నవ్వారు. ఇంకెవరో "గుడ్డి రిఫరీ" అన్నారు. రూల్సు తండ్రీ అందుకున్నాడు, తాతగారూ అందుకున్నారు. చప్పట్లతో కలిపి అదొక పాటలా అయింది. పది అడుగుల అవతల తమ్ముడు అక్క వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు ఆమెకు తర్వాత చాలా రోజులు గుర్తుంది. చిన్నప్పుడు ఏదైనా కావాలంటే అలాగే చూసేవాడు, అక్క సరే అందా లేదా అని. తర్వాత తాడు పైకెత్తి, కిందనుంచి దూరి, లోపలికి నడిచాడు. ఆమె వాణ్ణి పిలవాలనుకుంది. పిలవలేదు.

తమ్ముడు తిన్నగా వెళ్లి రెండు చేతులతో రిఫరీ ఛాతీ మీద తోశాడు. డ్రైవరు కాలు బురదలో జారింది. పడుతూ కుడిచెయ్యి వెనక్కి ఆనించాడు. ఎముక విరిగిన చప్పుడు గోల్ దగ్గరున్న పిట్టకు కూడా వినబడింది.

పాట ఆగిపోయింది. బూట్లావిడ పరిగెత్తుకెళ్లి డ్రైవరు తల ఎత్తి పట్టుకుంది. తమ్ముడు తన చేతులవైపు చూసుకుంటూ అక్కడే నిలబడిపోయాడు. మ్యాచ్ అక్కడితో ఆపేశారు.

ఆ సాయంత్రం అద్దాలక్క తమ్ముడింటికి వెళ్లేసరికి వాడు బాల్కనీలో కూర్చుని పిట్ట బూట్లకు అంటిన బురద పుల్లతో గీకుతున్నాడు. మరదలు డ్యూటీ నుంచి వచ్చి, సంగతి తెలిసి, మంచం మీద అటు తిరిగి పడుకుంది.

"మణికట్టు రెండు చోట్ల విరిగిందట," అన్నాడు తల ఎత్తకుండా. "నేను అంత గట్టిగా తొయ్యలేదక్కా."

ఆమె రెండో బూటు అందుకుంది.

"కమిటీలో నువ్వున్నావు కదా."

"ఉన్నాను."

"అయితే చూసుకో."

ఆమె బూటు కింద పెట్టి గదిలోకి వెళ్లింది. లోపల పిట్ట చదువుకునే బల్ల ముందు కూర్చుని ఉంది. పుస్తకం తెరిచి ఉంది గానీ చదవడం లేదు. అద్దాలక్క పక్కన కూర్చుని దాని జుట్టులో ఎండిన మట్టి వేళ్లతో తీయడం మొదలుపెట్టింది.

"అత్తా," అంది పిట్ట. "గుడ్డివాడు అని మొదట అన్నది నువ్వేనా?"

అద్దాలక్క చెయ్యి ఆగింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనెందుకంటానమ్మా. గుంపులో ఎవరో అన్నారు," అంది.

పిట్ట "ఓహో" అని పేజీ తిప్పింది. జుట్టులో మట్టి ఇంకా ఉంది గానీ, తల కాస్త పక్కకు జరుపుకుంది.

మంగళవారం రిఫరీ రిపోర్టు వచ్చింది. కుడిచెయ్యి కట్టులో ఉండటంతో ఎడమచేత్తో రాశాడు. అక్షరాలు ఒకటో తరగతి పిల్లాడివిలా తలో దిక్కుకీ పడిపోతున్నాయి. తోసిన మనిషి ఎవరో, ఏ నిమిషంలో తోశాడో రాశాడు. చివర్లో రెండు వాక్యాలు. "అంతకుముందు గుంపులోంచి ఒక మాట వినబడింది. అన్నది ఎవరో చూడలేదు కాబట్టి రాయడం లేదు."

పళ్ల డాక్టరు ఆమెకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ తమ్ముడి విషయం కాబట్టి ఈసారికి మీరు పక్కకు ఉంటేనే మంచిది. నేనూ టైర్లాయనా చూసుకుంటాం. మీకు అభ్యంతరం లేదు కదా?"

"లేదండీ. అదే న్యాయం," అందామె. పెద్ద బరువు దిగినట్టయింది.

"ఇంకొక్కటి. మీరు గోల్ దగ్గరే ఉన్నారు కదా. ఆ మాట అన్నది ఎవరో మీకేమైనా తెలిసిందా? అదే లేకపోతే ఇంత జరిగేది కాదని అందరూ అంటున్నారు."

"అంత గోలలో ఏం తెలుస్తుందండీ," అంది అద్దాలక్క.

ఫోన్ పెట్టేశాక ఆమె పనిలో కూర్చుంది. ఒక పసిపిల్ల అద్దం, చాలా చిన్న ఫ్రేము. అరగదీస్తుంటే అంచు పెళుసుగా విరిగింది. రెండోది తీసింది. అదీ విరిగింది. ఇరవై రెండేళ్లలో ఒకే చీటీకి రెండద్దాలు ఎప్పుడూ పాడుచేయలేదు. యజమాని తొంగిచూసి, ఒంట్లో బాగుండకపోతే ఇంటికి వెళ్లమన్నాడు. ఆమె ఇంటికి వెళ్లలేదు, బస్సు డిపోకి వెళ్లింది.

చెయ్యి నయమయ్యేదాకా డ్రైవరును పోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు. బస్సుల్లో జనం మర్చిపోయినవన్నీ అక్కడికే వస్తాయి. గోడ పొడుగునా గొడుగులు, టిఫిన్ డబ్బాలు, జత తప్పిన చెప్పులు, ఒక పిల్లాడి వేణువు, ఎవరివో పళ్ల సెట్టు. కౌంటరు వెనక డ్రైవరు ఒక గొడుగుకి ఎడమచేత్తో చీటీ కట్టడానికి అవస్థ పడుతున్నాడు. దారం ముడి పడటం లేదు. ఆమె అడగకుండానే అందుకుని ముడివేసింది.

"ఏం పోయిందమ్మా మీది?" అన్నాడు. తర్వాత మొహం చూసి గుర్తుపట్టాడు.

"చెయ్యి ఎలా ఉందండీ?"

"రాత్రిళ్లు సలుపుతోంది. ఎనిమిది వారాలన్నారు. ఈ వయసులో ఎముక అతుక్కున్నా స్టీరింగు పట్టు వస్తుందో రాదో చూడాలన్నారు." మామూలుగా చెప్పాడు, బస్సు టైము చెప్పినట్టు.

ఆమె కౌంటరు అంచు పట్టుకుంది. "ఆ మాట అన్నది నేనండీ," అంది.

"తెలుసు."

ఆమె ఉలిక్కిపడింది.

"ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాను. వెనక సీట్లలోంచి ఎవరు తిట్టారో తల తిప్పకుండా చెప్పగలను. తాడు కట్టేటప్పుడు పిల్లలతో మాట్లాడే గొంతూ అదే కదా."

"మరి రాయలేదేం?"

"విన్నది రాయను. చూసిందే రాస్తాను. పాతికేళ్ల నుంచీ నా పద్ధతి అది. మీ మీద జాలిపడి కాదు."

ఒక ముసలాయన వచ్చి సంచీ అడిగాడు. అది లేదని చెప్పి పంపించి, డ్రైవరు మళ్లీ ఆమెవైపు తిరిగాడు.

"ఇంకో సంగతి చెప్పాలి మీకు. ఇంటికెళ్లి పడుకుని ఆలోచించాను. ఆ పిల్ల ముందు బంతినే తాకింది. పెనాల్టీ కాదు. నాదే తప్పు."

అద్దాలక్క అతనివైపే చూస్తోంది.

"విజిల్ ఊదాక నాకే అనుమానం వచ్చింది. గీత దగ్గర జెండా పట్టుకున్న ఆయన్ని పిలిచి అడుగుదామని అటు తిరిగాను కూడా. ఇదివరకు అలా అడిగి మార్చినవి ఉన్నాయి. అర నిమిషం పట్టేది." అతను కట్టు వైపు చూసుకున్నాడు. "మీరు ఆ అర నిమిషం ఇవ్వలేదమ్మా నాకు."

"నన్ను క్షమించండి," అందామె.

"అది ఇప్పుడడక్కండి. నొప్పిగా ఉంది నాకు. నొప్పిలో అన్న మాట నిలబడదు," అన్నాడు డ్రైవరు. తర్వాత ఇంకో గొడుగు ముందుకు జరిపాడు. "దీనికి కూడా ముడివేసి వెళ్లండి, పుణ్యముంటుంది."

ఆమె ఆ పూట పదకొండు గొడుగులకు చీటీలు కట్టింది.

విచారణ శనివారం మధ్యాహ్నం, పళ్ల డాక్టరు ఇంటి కింది గదిలో జరిగింది. ఒకప్పుడు రోగులు ఎదురుచూసిన గది. దవడ బొమ్మ ఇంకా గోడకే ఉంది. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. అద్దాలక్క తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. మాట్లాడే హక్కు లేని మనిషి కాబట్టి అందరికీ దూరంగా.

డాక్టరు రిపోర్టు చదివాడు. "ఇందులో అబద్ధమేమైనా ఉందా?"

"లేదండీ. నేనే తోశాను," అన్నాడు తమ్ముడు.

"ఎందుకు తోశావు బాబూ? నీ కూతురు చూస్తోంది కదా."

తమ్ముడు ఇస్త్రీ చొక్కా అంచు సర్దుకున్నాడు. "తెలీదండీ. పిల్ల మొహం చూశాను. తర్వాత కాళ్లు వాటంతటవే వెళ్లాయి."

టైర్ల షాపాయన ముందుకు వంగాడు. "అంతకుముందు ఎవరో రెచ్చగొట్టారంటున్నారు. ఆ మాట అన్నదెవరో చెబితే, శిక్షలో నీ వాటా కాస్త తగ్గుతుంది. నువ్వు దగ్గర్లోనే ఉన్నావు. ఎవరది?"

"నాకు తెలీదు," అన్నాడు తమ్ముడు.

వెంటనే అన్నాడు. అక్కవైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో మెడ నరం చెబుతోంది. ఎనిమిదేళ్ల వయసులో పక్కింటి అద్దం పగలగొట్టి, తనతో ఆడిన స్నేహితుడి పేరు చెప్పకుండా వాడు ఇలాగే నిలబడ్డాడు. అప్పుడు వాణ్ణి నిజం చెప్పమని చెవి మెలిపెట్టింది ఆమే.

అద్దాలక్క లేచి నిలబడింది.

"నేనే అన్నాను," అంది.

టైర్ల షాపాయన నవ్వబోయి ఆగిపోయాడు. డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ మాట మొదట అన్నది నేను. నా తర్వాతే మిగతావాళ్లు అందుకున్నారు. మీరు ఫోనులో అడిగినప్పుడు తెలీదన్నాను. అది అబద్ధం. పిల్ల అడిగినప్పుడు కూడా అబద్ధమే చెప్పాను."

"అక్కా, ఊరుకో," అన్నాడు తమ్ముడు.

"తాడు కట్టింది నేనండీ. అవతల నిలబడి ఏమన్నా ఫర్వాలేదనుకున్నాను," అంది ఆమె. కూర్చుంది.

వాళ్లిద్దరినీ బయటికి పంపి డాక్టరూ టైర్లాయనా అరగంట మాట్లాడుకుని, మళ్లీ పిలిచి తీర్పు చదివారు. తమ్ముడు రెండేళ్లపాటు గ్రౌండులో అడుగుపెట్టకూడదు. వెళ్లి రిఫరీకి స్వయంగా క్షమాపణ చెప్పుకోవాలి. అద్దాలక్క కమిటీలోంచి తప్పుకోవాలి. ఈ ఏడాది పోటీలు ముగిసేదాకా ఆమె కూడా గ్రౌండుకి రాకూడదు. చదువుతుంటే డాక్టరు గొంతులో కోపం లేదు. "ఇది రాయడం నాకు బాగాలేదమ్మా," అన్నాడు.

వీధిలోకి వచ్చాక తమ్ముడు ఆమెతో పాటు నడవలేదు. నాలుగడుగులు ముందు నడిచి, మలుపు దగ్గర గిరుక్కున తిరిగాడు.

"ఎవరడిగారక్కా నిన్ను? నేను నోరు మూసుకున్నాను కదా. నువ్వూ మూసుకునుంటే నీ పదవి నీకుండేది. ఆదివారం పిట్టకి గ్రౌండులో మనదని ఒక మనిషైనా ఉండేది. ఇప్పుడెవరున్నారు దానికి? వాళ్లమ్మకి డ్యూటీ. నాకు రెండేళ్లు. నీకు ఈ ఏడంతా. నీ మనసు తేలికైంది, సరే. పిల్ల సంగతేంటి?"

వాడన్నదాంట్లో అబద్ధం లేదు.

ఆ సాయంత్రం పిట్టతో చెప్పింది. తమ్ముడి వంటింట్లో ఇద్దరూ గిన్నెలు తుడుస్తున్నారు.

"ఆ రోజు నువ్వడిగావు చూడు. అన్నది నేనే. నీకు అబద్ధం చెప్పాను."

పిట్ట చేతిలో పళ్లెం తుడుస్తూనే ఉంది. "నాకు తెలుసత్తా."

"తెలిసీ అడిగావా?"

"నువ్వు చెబుతావేమో చూద్దామని." పళ్లెం సర్ది, ఇంకోటి తీసుకుంది. "మీ గొంతులు నాకు తెలుసు. గోల్ దగ్గర నిలబడితే అందరివీ వినిపిస్తాయి. నాన్నది అలవాటైపోయింది. నీది గొణుగుడుగా ఉండేది. అది వస్తే రిఫరీ నా మీద కోపం పెట్టుకుంటాడేమోనని భయమేసేది."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే మీరు రావడం మానేస్తారేమో అని," అంది పిట్ట. పళ్లెం పక్కన పెట్టి, "మానేస్తే బాగుండుననీ అనిపించేది. రెండూ అనిపించేవి," అంది.

తమ్ముడు సోమవారం డిపోకి వెళ్లి వచ్చాడు. చెప్పులు విప్పుతూ, "చెప్పాను. 'సరే' అన్నాడు. మళ్లీ పనిలో పడిపోయాడు," అన్నాడు.

"ఇంకేమీ అనలేదా?" అంది అద్దాలక్క.

"లేదు. ఒక దెబ్బ కొట్టినా బాగుండేది." వాడు అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాడు. మరదలు వచ్చి కాఫీ గ్లాసు పక్కన పెట్టి, వారం తర్వాత మొదటిసారి వాడి భుజం మీద చెయ్యి వేసింది.

రిఫరీలు దొరక్క మూడు వారాలు మ్యాచ్‌లు జరగలేదు. ఆ గ్రౌండు పేరు చెబితే ఎవరూ రామన్నారట. నాలుగో ఆదివారం మళ్లీ మొదలయ్యాయి. పిట్టను బూట్లావిడ తన కొడుకుతో పాటు తీసుకెళ్లింది. ఇంట్లో తమ్ముడు తిన్నగా కూర్చోలేకపోయాడు. బాగానే ఉన్న కుళాయి విప్పి మళ్లీ బిగించాడు. అద్దాలక్క అదే కూరగాయను అరగంట తరిగింది. పదకొండున్నరకి పిట్ట వచ్చింది, మోకాళ్ల దాకా మట్టి.

"ఎంత?" అన్నాడు తమ్ముడు.

"మూడు సున్నా."

"మనకా?"

"వాళ్లకి."

తమ్ముడు నోరు తెరిచాడు. ఏ బంతి, ఏ పక్క, ఎందుకు దూకలేదు అన్న ప్రశ్నలన్నీ ఆ మొహం మీద వరసగా కనబడ్డాయి. అద్దాలక్క మోచెయ్యి కదపబోయి మానుకుంది. వాడు నోరు మూసుకుని, వంగి, కూతురి బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు. పిట్ట కాలు అలాగే అతని మోకాలి మీద పెట్టి, మెల్లగా రెండో గోల్ ఎలా పడిందో తానే చెప్పింది. మూడోదాని గురించి చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.

డ్రైవరు తొమ్మిదో వారంలో మళ్లీ బస్సెక్కాడు. ఒక పొద్దున్న అద్దాలక్క ఎక్కిన బస్సు అతనిదే అయింది. అద్దంలో చూసి తల పంకించాడు, అంతే. రిఫరీగా మాత్రం అతను మళ్లీ రాలేదు. పళ్ల డాక్టరు రెండుసార్లు ఇంటికి వెళ్లి అడిగినా, సెలవురోజు నిద్రపోతే ఒంటికి హాయిగా ఉందని చెప్పి పంపించాడట.

ఏడాది తిరిగి కొత్త పోటీలు మొదలయ్యేనాటికి అద్దాలక్క నిషేధం ముగిసింది. మొదటి మ్యాచ్ ముందురోజు సాయంత్రం ఆమె తమ్ముడింటికి వెళ్లింది. పిట్ట పన్నెండో ఏట పడి ఒక్కసారిగా పొడుగైంది. గ్లౌజులు బిగుతయ్యాయని కొత్తవి కొన్నారు. వాటిని చేతికి తొడుక్కుని, వేళ్లు చాచి చూసుకుంటోంది.

"రేపు నేను రావచ్చట," అంది అద్దాలక్క. "రమ్మంటావా?"

పిట్ట గ్లౌజు పట్టీ విప్పి, మళ్లీ బిగించి, మేనత్త మొహంలోకి చూసింది. బాధపెట్టడం ఇష్టం లేని చూపు. అయినా చెప్పదలుచుకున్నది చెప్పే చూపు.

"ఇంకా వద్దత్తా. ఇప్పుడు నాకు అక్కడ బాగుంది. రమ్మనాలనిపిస్తే నేనే చెబుతాను."

"అలాగేనమ్మా," అంది అద్దాలక్క.

గదిలోంచి బయటికి వచ్చేసరికి బాల్కనీలో తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. "ఏమంది?"

"ఇంకా వద్దంది."

వాడు బెంచీ మీద పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. "రేపు పొద్దున్నే వచ్చెయ్యక్కా. పిల్ల వచ్చేదాకా ఒక్కణ్ణే కూర్చోలేను," అన్నాడు.